మాటలు తెలిసినవారికే పూర్తిగా వినిపించే పిల్లనగ్రోవి

అమెరికాలో యోగా క్లాసుకో, మసాజ్ సెంటర్‌కో వెళ్లినవారికి, నేషనల్ పార్కుల దగ్గరి దుకాణాల్లో తిరిగినవారికి ఒక పిల్లనగ్రోవి నాదం పరిచయమే. నెమ్మదిగా, లోతుగా, కొంచెం దిగులుగా సాగుతుంది. యూట్యూబ్‌లో నిద్ర పట్టించే సంగీతం అంటూ గంటల తరబడి నడిచే వీడియోల్లోనూ అదే ఉంటుంది. వింటుంటే కొండలు, గద్దలు, ఎడారి సాయంత్రాలు కళ్లముందు మెదులుతాయి. 'నేటివ్ అమెరికన్ ఫ్లూట్' (అమెరికా మూలవాసుల పిల్లనగ్రోవి) అంటే ప్రశాంతత అనే అభిప్రాయం ప్రపంచమంతా స్థిరపడిపోయింది.

కానీ ఆ వాద్యాన్ని తరతరాలుగా వాయించిన లకోటా అనే మూలవాసి ప్రజల మధ్య దాని పని వేరు. ఒక అబ్బాయికి తాను ఇష్టపడిన అమ్మాయితో తిన్నగా మాట్లాడే వీలు ఉండదు. చుట్టూ పెద్దవాళ్లుంటారు. చెప్పాల్సిన మాట మాత్రం ఉంటుంది. ఆ మాటను మోసుకెళ్లేది పిల్లనగ్రోవి. అది వాయించేది పాట, ఆ పాటకు మాటలున్నాయి, వినేవారికి ఆ మాటలు తెలుసు. దాని అర్థమంతా ఈ మూడింటి మీదే నిలబడి ఉంది.

తెలుగువారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కచేరీలో వేణువు మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే సభలో సగం మంది పెదవులు కదులుతుంటాయి. విద్వాంసుడు ఒక్క మాట పలకకపోయినా పల్లవి, అనుపల్లవి, ఎక్కడ రాముణ్ణి పిలుస్తున్నాడో, ఎక్కడ నిష్ఠూరమాడుతున్నాడో అన్నీ వినిపిస్తాయి. పక్కన కూర్చున్న విదేశీయుడికి మాత్రం చక్కని రాగం వినిపిస్తుంది, అంతే. ఇద్దరూ విన్నది ఒకే నాదం, అందుకున్నది మాత్రం వేరు. లకోటా పిల్లనగ్రోవి విషయంలో ఇప్పుడు ప్రపంచమంతా ఆ విదేశీయుడి స్థానంలో ఉంది.

లకోటాలు ఎవరంటే, బయటివారు 'సూ' అని పిలిచిన జాతుల్లో పడమటి శాఖవారు. ఉత్తర అమెరికా మధ్యలోని విశాలమైన పచ్చికబయళ్లలో అడవిదున్నల వెంట తిరిగిన ప్రజలు. ఇప్పుడు ఎక్కువమంది ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల్లోని పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, స్టాండింగ్ రాక్, షయాన్ రివర్ వంటి రిజర్వేషన్లలో, అంటే మూలవాసులకు ప్రభుత్వం కేటాయించిన ప్రాంతాల్లో ఉన్నారు. పిల్లనగ్రోవిని వారి భాషలో 'షియోతంక' అంటారు. 'షియో' అంటే పచ్చికబయళ్లలో తిరిగే, మన కౌజును పోలిన, కోడిపెట్ట సైజు పక్షి. 'తంక' అంటే పెద్దది. అంటే 'పెద్ద షియో' అని అర్థం. వసంతకాలంలో ఈ జాతి మగ పక్షులు తెల్లవారుజామున ఒకచోట చేరి, రెక్కలు చాచి, కాళ్లు టపటపలాడిస్తూ, గొంతుతో వింత శబ్దాలు చేస్తూ ఆడ పక్షుల ముందు ఆడతాయి. పిల్లనగ్రోవికి ఆ పక్షి పేరు పెట్టడంలోనే దాని పని ఏమిటో తెలిసిపోతోంది.

లకోటాల గుడారాలు, అంటే టీపీలు, వలయంగా వేసుకునేవారు. పెళ్లీడు అమ్మాయిని తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ ఒక కంట కనిపెడుతూనే ఉండేవారు. అమ్మాయి నీళ్లకు వెళ్లినా, కట్టెలకు వెళ్లినా ఒంటరిగా పంపడం తక్కువ. అబ్బాయికి ఆమెతో మాట్లాడటానికి పెద్దలు ఒప్పుకున్న పద్ధతి ఒకటి ఉంది. సాయంత్రం ఆమె గుడారం బయట నిలబడితే, అతను తన దుప్పటిని ఇద్దరి తలల మీదుగా కప్పుతాడు. లోపల వాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటారు. దుప్పటి కింద ఉన్నంతసేపు అందరి ముందూ ఉన్నా వాళ్లు ఎవరికీ కనపడనట్టే లెక్క. పేరున్న అమ్మాయి అయితే దుప్పట్లు పట్టుకున్న అబ్బాయిలు ఒకరి తర్వాత ఒకరు వరసలో నిలబడేవారు.

ఆ దుప్పటి దాకా రాకముందు దశ పిల్లనగ్రోవిది. పొద్దుగుంకాక అబ్బాయి కొంచెం ఎడంగా, చిన్న గట్టు మీదో చెట్ల దగ్గరో నిలబడి వాయిస్తాడు. గుడారం గోడలు తోలువి కాబట్టి నాదం లోపలికి హాయిగా వెళ్తుంది. అది అమ్మాయి ఒక్కతే వినేది కాదు. వాళ్ల అమ్మమ్మ వింటుంది, అన్నలు వింటారు, పక్క గుడారాల వాళ్లందరూ వింటారు. ఎవరు వాయిస్తున్నారో కూడా చాలామందికి తెలిసిపోతుంది. ఎవరి కోసమో మాత్రం ఆ అమ్మాయికి తెలియాలి. ఆమె ఏదో వంక పెట్టుకుని బయటికి వస్తే అదొక జవాబు. రాకపోతే అదీ జవాబే. కాదని మొహం మీద చెప్పించుకోవాల్సిన అవమానం అబ్బాయికి ఉండదు, కాదని చెప్పాల్సిన టెన్షన్ అమ్మాయికి ఉండదు. ఇష్టాన్ని నలుగురికీ వినపడేలా చెబుతూనే ఇద్దరి పరువూ కాపాడిన ఏర్పాటు ఇది. దీన్ని కేవలం సంగీతం అనుకుంటే ఇందులో ఉన్న సామాజిక తెలివి కనపడకుండా పోతుంది.

ఇక పాటల సంగతి. లకోటా ప్రేమపాటల్లో చాలావాటికి మాటలు స్త్రీ నోటివి. వాయించేది, పాడేది మగవాడు. పాటలో మాట్లాడేది అమ్మాయి. 'మావాళ్లు చూస్తున్నారు, ఇప్పుడు కాదు' అన్నట్టుగా, 'నువ్వు యుద్ధానికి వెళ్తే నేనేం కాను' అన్నట్టుగా ఆ పాటలు నడుస్తాయి. ఇది లకోటా వ్యాకరణంలోనే పట్టుబడుతుంది. తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' అన్నప్పుడు వచ్చినవారు మగో ఆడో క్రియ చెబుతుంది. లకోటాలో వాక్యం చివర వచ్చే చిన్న మాట, ఆ వాక్యం పలికినవారు మగో ఆడో చెబుతుంది. మగవాడు వాక్యాన్ని 'యెలో' అని ముగిస్తే, అదే వాక్యాన్ని స్త్రీ 'క్ష్తో' అని ముగిస్తుంది. పాట చివర స్త్రీలు వాడే మాట వచ్చిందంటే ఆ గొంతు ఎవరిదో వినేవారికి సందేహం ఉండదు.

మగవాడు ఆడదాని గొంతుతో పాట కట్టడం తెలుగువారికి వింత కాదు. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలన్నీ దాదాపు నాయిక మాటలే. అలిగేది ఆమె, నిలదీసేది ఆమె, రమ్మనేది ఆమె. రాసినవాడు పురుషుడు. అయితే క్షేత్రయ్య పదాలను తరతరాలు నిలబెట్టినవారు స్త్రీలు, దేవదాసీలు. లకోటా పాటను మోసింది పురుషుడు. ఒక అబ్బాయి చీకట్లో నిలబడి, అమ్మాయి ఎప్పుడో తనతో అన్న మాటనో, అంటే బావుండునని తను ఆశపడే మాటనో వాయిస్తున్నాడు. తన కోరికను తన మాటగా కాక ఆమె మాటగా ఆమెకే వినిపిస్తున్నాడు. గుడారంలో కూర్చుని అది వింటున్న అమ్మాయికి కలిగే గగుర్పాటు ఎలాంటిదో ఊహించవచ్చు. ఆ మాటలు తెలియనివారికి అదే పాట 'ప్రకృతి నాదం' అవుతుంది.

వాద్యం కట్టుబడి చూస్తే ఈ పనికి అది ఎంత సరిగ్గా అమరిందో తెలుస్తుంది. మన వేణువులో పెదవే సగం వాద్యం. గాలి ఏ కోణంలో, ఎంత సన్నగా అంచుకు తగలాలో పెదవి నిర్ణయిస్తుంది, అది కుదరడానికే నెలలు పడుతుంది. లకోటా పిల్లనగ్రోవిలో ఆ పని కర్రే చేసిపెడుతుంది. సెడార్ అనే వాసన కర్రలో నిట్టనిలువు చారలున్న కొమ్మను ఎంచుకుని నిలువునా రెండుగా చీలుస్తారు. రెండు చెక్కలనూ లోపల తొలుస్తారు, కానీ ఒకచోట అడ్డగోడలా కొంత కర్రను వదిలేస్తారు. ఆ గోడకు అటూ ఇటూ పైన రెండు చిన్న కంతలు పెడతారు. వేళ్లు ఆడించే కంతలను కాల్చిన ఇనప కడ్డీతో పొడుస్తారు. రెండు చెక్కలనూ మళ్లీ జిగురుతో అతికించి తోలు పట్టీలతో బిగించి కడతారు.

ఇప్పుడు ఊదితే గాలి మొదటి గదిలో నిండి గోడకు తగులుతుంది. దారి లేక పైకంతలోంచి బయటికి వస్తుంది. అక్కడ దానికి ఒక కర్రముక్క అడ్డంగా కూర్చుని ఉంటుంది. దాని కింది సన్నని సందులోంచి గాలి పలచని రేకులా సాగి, రెండో కంత పదునైన అంచును కోస్తుంది. అప్పుడు రెండో గది పలుకుతుంది. ఆ కర్రముక్కను పక్షి అంటారు, అది కూర్చునే చోటును గూడు అంటారు. చాలాసార్లు దాన్ని పక్షి ఆకారంలోనో గుర్రం ఆకారంలోనో చెక్కుతారు. దాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే నాదం మారిపోతుంది, ఇంకాస్త జరిపితే అసలు పలకదు. చాలాసేపు వాయిస్తే ఊపిరి తేమ ఆ సందులో చేరి గొంతు పూడుకుపోతుంది. అప్పుడు వాయించేవారు దాన్ని విదిలించి, తుడిచి, పక్షిని మళ్లీ గూట్లో సర్దుకుంటారు. పాత లకోటా పిల్లనగ్రోవుల్లో అటు చివరను కూడా నోరు తెరిచిన పక్షి తలగా చెక్కినవి కనిపిస్తాయి, పాట ఆ ముక్కులోంచే వస్తున్నట్టు.

పూర్వం కొలతలకు స్కేలు లేదు. మనిషి ఒళ్లే కొలత. మోచేతి మడత నుంచి వేలి కొన దాకా ఇంత, కంతకూ కంతకూ మధ్య బొటనవేలి వెడల్పు ఇంత అని చేసుకునేవారు. కాబట్టి ఏ ఇద్దరి పిల్లనగ్రోవులూ ఒకే శ్రుతిలో ఉండేవి కావు. కచేరీ చెవితో చూస్తే అదొక లోపం. కానీ ఇది పక్కవాద్యం, డప్పు, తాళం ఏమీ లేకుండా ఒక్కడే వాయించుకునే వాద్యం. ఎవరితోనూ కలవాల్సిన పని లేదు. పైగా ఎవరి పిల్లనగ్రోవి గొంతు వారిదే కావడం వల్ల చీకట్లో కూడా మనిషిని పోల్చుకోవచ్చు.

పాట నడక కూడా గమనించదగ్గది. పైస్థాయిలో మొదలవుతుంది, మెట్లు దిగినట్టు ఒక్కో స్వరం కిందికి వస్తుంది, అట్టడుగు స్వరం మీద ఆగి అక్కడ వణుకుతుంది. పచ్చికబయళ్ల ప్రజల గాత్రసంగీతం దిగే తీరే ఇది. అట్టడుగు స్వరం దానంతటదే రెండుగా చీలి గుబగుబమని కొట్టుకోవడం పాత వాద్యాల్లో మంచి లక్షణంగా చూసేవారు. చరణం చివర కిచుమన్నట్టు పైకి ఎగిరే ఒక చిన్న విరుపు ఉంటుంది. నేటి రికార్డింగుల్లో ఆ వణుకును దోషంగా చూసి సరిచేయడం మామూలైంది.

ఈ వాద్యం ఎలా వచ్చిందో లకోటాలు చెప్పుకునే కథ ఒకటుంది. ఒక యువకుడు పెద్ద కొమ్ముల దుప్పిని, అంటే ఎల్క్‌ను, తరుముతూ అడవిలో దారి తప్పుతాడు. రాత్రి చెట్ల కింద పడుకుంటే ఎప్పుడూ వినని ఒక ధ్వని, దెయ్యం ఏడుపులా, ప్రేమగా పిలుస్తున్నట్టుగా వినిపిస్తుంది. కలలో ఒక వడ్రంగిపిట్ట వచ్చి తన వెంట రమ్మంటుంది. పొద్దున లేచి చూస్తే నిజంగానే వడ్రంగిపిట్ట. అది కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఎగురుతూ ఒక ఎండిపోయిన సెడార్ కొమ్మ దగ్గరికి తీసుకెళ్తుంది. పిట్ట ముక్కుతో పొడిచిన కంతల్లోంచి గాలి వీస్తే ఆ ధ్వని వస్తోంది. అతను ఆ కొమ్మ విరిచి ఇంటికి తెచ్చుకుంటాడు. ఎంత ఊదినా, ఎంత ఊపినా అది పలకదు. కొండెక్కి నాలుగు రోజులు ఉపవాసముంటాడు. పిట్ట మళ్లీ దర్శనమిచ్చి ఎలా చెక్కాలో, ఎక్కడ కట్టాలో నేర్పుతుంది. ఊరికి తిరిగొచ్చి వాయిస్తే, నాయకుడి కూతురు, ఎవరినీ లెక్కచేయని అమ్మాయి, గుడారంలోంచి బయటికి వచ్చి అతని పక్కన నిలబడుతుంది.

ఈ కథలో ఆగి చూడాల్సింది ఆ మధ్య భాగం. కొమ్మ దొరకడంతో పని అవలేదు. వస్తువు చేతికొచ్చింది, నాదం రాలేదు. దానికోసం ఒళ్లు కష్టపెట్టుకుని అడగాల్సి వచ్చింది. కథలో ముందు దుప్పి ఉండటం కూడా ఊరికే కాదు. ఎల్క్ మగది శరదృతువులో పెట్టే సన్నని ఈలలాంటి కేక ఆడవాటిని రప్పిస్తుంది. ఆడవారిని ఆకర్షించే శక్తి ఎల్క్‌ది అని లకోటాల నమ్మకం. కలలో ఎల్క్ కనిపించినవారికి ఆ శక్తి అబ్బుతుందనీ, అలాంటివారు చేసిచ్చిన పిల్లనగ్రోవికి, వారు ఇచ్చిన పాటకు బలం ఎక్కువనీ చెప్పుకునేవారు. అంటే వాద్యం కొనుక్కోవడం ఒక్కటే కాదు, పాటను కూడా అర్హత ఉన్నవారి దగ్గర సంపాదించుకోవాలి.

ఉత్తర అమెరికా మూలవాసులందరికీ పిల్లనగ్రోవి అంటే ప్రేమే అనుకుంటే పొరపాటు. అరిజోనాలోని హోపీలకు అది నీటికి సంబంధించినది. ఎండాకాలం చివర, ఆగస్టులో, సర్పనృత్యమనే మరో క్రతువు జరగని ఏడాదిలో వారి ఫ్లూట్ సంఘం ఊటబావుల దగ్గర క్రతువు చేస్తుంది. మొక్కజొన్నకు వాన రావాలని కోరుకునే క్రతువు అది. వాళ్ల వాద్యం నిర్మాణమే వేరు, లోపల గోడ, పైన పక్షి ఉండవు. అరిజోనాలోనే ఒక గుహలో పురావస్తు శాస్త్రవేత్త ఎర్ల్ మోరిస్ 1931లో తవ్వి తీసిన కర్ర పిల్లనగ్రోవులు క్రీ.శ. 620–670 నాటివి. అవి కూడా ఆ కోవలోవే. లకోటాల రకం, అంటే రెండు గదుల పిల్లనగ్రోవుల్లో ఇప్పటిదాకా మిగిలినవాటిలో పాతదిగా చెప్పేది ఇటలీలోని బెర్గామో మ్యూజియంలో ఉంది. 1823లో మిసిసిపీ నది పుట్టుక వెతుకుతూ వెళ్లిన ఇటలీ యాత్రికుడు జాకొమో బెల్ట్రామి అక్కడి ప్రజల దగ్గర్నుంచి దాన్ని పట్టుకెళ్లాడు. హోపీల వాననూ లకోటాల వలపునూ కలిపి 'నేటివ్ అమెరికన్ ఆధ్యాత్మికత' అని ఒకే సీసాలో పోసి అమ్మడం రెండింటికీ అన్యాయమే.

ఆ వలపు పాట ఎందుకు ఆగిపోయిందో చరిత్రలో స్పష్టంగానే కనిపిస్తుంది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి మొదలైంది. మూలవాసుల పిల్లలను ఇళ్లనుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించే బడుల పద్ధతి అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. 1883లో అమెరికా ప్రభుత్వం రిజర్వేషన్లలో నేరాల చిట్టా ఒకటి అమల్లోకి తెచ్చింది. సూర్యనృత్యమనే పవిత్ర క్రతువు నేరం, మంత్రవైద్యం నేరం, పెళ్లికోసం అమ్మాయి తరఫువారికి గుర్రాలో కానుకలో ఇవ్వడమూ నేరమే. పిల్లనగ్రోవి పేరు ఆ చిట్టాలో లేదు. కానీ ఆ పాట ఏ పెళ్లికి దారితీసేదో ఆ పెళ్లి పద్ధతి ఉంది. 1887 చట్టంతో ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, కుటుంబ పెద్దకు 160 ఎకరాల లెక్కన పంచారు. వలయంగా కూర్చున్న గుడారాలు పోయి, ఒకదానికొకటి మైళ్ల దూరంలో చెక్క ఇళ్లు వచ్చాయి. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం వందలమంది లకోటాలను, ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా, కాల్చి చంపింది.

అలాంటి ఏళ్ల తర్వాత చీకట్లో గట్టు మీద నిలబడి వాయించేవాడు ఎక్కడుంటాడు? వాయించినా వినడానికి పక్కన గుడారం లేదు. బడికెళ్లొచ్చిన అమ్మాయికి పాటలోని మాటలు రావు. వాద్యాన్ని ఎవరూ పనిగట్టుకుని నిషేధించకుండానే దాని కాళ్లకింద నేల మొత్తం తీసేశారు. సంస్కృతుల విధ్వంసం గురించి మాట్లాడేటప్పుడు ఈ రకం నష్టాన్ని తక్కువగా చెప్పుకుంటాం, ఎందుకంటే దీనికి ఆర్డరు కాగితం ఉండదు.

1911 నుంచి సంగీత పరిశోధకురాలు ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ స్టాండింగ్ రాక్‌లో మైనపు సిలిండర్ల మీద లకోటా పాటలు రికార్డు చేసింది. ఆ పని 1918లో అచ్చయింది. పాటలతో పాటు మాటలనూ, ఎవరు ఏ సందర్భంలో పాడారో కూడా ఆమె రాసిపెట్టడం ఇవాళ ఎంతో అక్కరకొస్తోంది. దక్షిణాన కయోవా జాతి పెద్దాయన బెలో కొజాడ్ 1941లో తన పిల్లనగ్రోవి వాయించి, అది తమవారికి ఎలా వచ్చిందో చెబుతూ రికార్డు ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి వాయించేవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

వాద్యానికి మళ్లీ ఊపిరి పోయడం మొదలైంది 1970లలో. కమాంచీ జాతి చిత్రకారుడు డాక్ టేట్ నెవాకోయా మ్యూజియంలలో పాత వాద్యాలు చూసి, పెద్దలను అడిగి, పాత పాటలు కూర్చుకుని 1979లో ఒక రికార్డు వెలువరించాడు. ఆ తర్వాత వచ్చినవాడు ఆర్. కార్లోస్ నకాయ్. నవాహో, యూట్ జాతుల సంతతి. ట్రంపెట్ నేర్చుకున్నవాడు, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆ దారి మూసుకుపోయాక సెడార్ పిల్లనగ్రోవి పట్టాడు. 1983లో మొదటి ఆల్బమ్. 1989లో వచ్చిన 'కాన్యన్ ట్రిలజీ' లక్షల్లో అమ్ముడుపోయి, 2014లో అమెరికాలో ప్లాటినం గుర్తింపు పొందింది. ఈ రోజు ప్రపంచానికి తెలిసిన నేటివ్ అమెరికన్ ఫ్లూట్ నాదం చాలావరకు నకాయ్ నాదమే. తన సంగీతం పాత పాటల పునరావృత్తి కాదని, తన సొంత సృష్టి అని ఆయన దాచుకోలేదు. ఆ సృష్టి గొప్పది కూడా. దాన్ని తక్కువ చేయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అయితే అదే కాలంలో వాద్యమూ మారింది. 1980ల నుంచి తయారీదారులు పిల్లనగ్రోవులను పియానోకు, గిటారుకు కలిసేలా కచ్చితమైన శ్రుతికి కట్టడం మొదలుపెట్టారు. స్వరాలను అయిదుకు కుదించారు. సంగీతం తెలిసిన తెలుగువారు వింటే ఒక్క క్షణంలో పోల్చుకుంటారు, అవి మన శుద్ధ ధన్యాసి స్వరాలే. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఈ అయిదింట్లో ఏ వేలు ఎత్తినా అపస్వరం రాదు. కొన్న రోజే ఎవరైనా వినసొంపుగా వాయించుకోవచ్చు. లక్షలమంది చేతుల్లోకి వాద్యం వెళ్లడానికి కారణం అదే. పాత లకోటా పాటలు ఆ అయిదు స్వరాల చట్రంలో అన్నీ ఇమడకపోవడానికి కారణం కూడా అదే. తప్పు పలకడానికి వీల్లేకుండా చేసిన వాద్యం మీద ఫలానా పాటే వాయించాలన్న పట్టుదల సహజంగానే తగ్గుతుంది. మనసుకు తోచింది వాయించుకోవడమే పద్ధతి అయిపోయింది.

చట్టం వాద్యం తయారుచేసిన చేతులను కొంత కాపాడింది. 1990లో తెచ్చిన చట్టం ప్రకారం, మూలవాసి జాతుల్లో సభ్యులు కానివారు తమ వస్తువును 'ఇండియన్ తయారీ' (అంటే మూలవాసుల తయారీ) అని అమ్మితే తొలి తప్పుకే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. అందుకే బయటి తయారీదారులు 'నేటివ్ అమెరికన్ తరహా ఫ్లూట్' అని రాసుకుంటారు. వస్తువుకు ఇలాంటి రక్షణ ఉంది. పాటకు, పాటలోని మాటకు అలాంటి లేబుల్ అంటించలేం. లకోటాలు పోగొట్టుకున్నది పాట ఒక్కటే కాదు. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ ఉన్న బ్లాక్ హిల్స్ వారికి పవిత్రమైన కొండలు, 1868 ఒప్పందంలో వారికి చెందినవి. ప్రభుత్వం వాటిని లాక్కున్నందుకు 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఖరారు చేసినా, మాకు కొండలే కావాలని వారు ఆ డబ్బు ఇప్పటికీ ముట్టుకోలేదు. ఆ కొండలను చూడటానికి వెళ్లే తెలుగు కుటుంబాలు అక్కడ ఈ నాదం వింటే, ఈ సంగతి కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

మాట దగ్గరికి వాద్యాన్ని మళ్లీ తీసుకురావాలని పట్టుబట్టినవాడు కెవిన్ లాక్. 1954లో పుట్టాడు, స్టాండింగ్ రాక్ లకోటా, వలయాల నృత్యంలోనూ పేరున్నవాడు. 1990లో అమెరికా జాతీయ వారసత్వ కళాకారుడి గౌరవం అందుకున్నాడు. పాత పాటలను గుర్తుంచుకున్న పెద్దల దగ్గర కూర్చుని ముందు పాట నేర్చుకున్నాడు, తర్వాతే దాన్ని పిల్లనగ్రోవి మీదికి తెచ్చుకున్నాడు. పిల్లనగ్రోవి సంగీతమంటే గాత్రమే, పాట రానివాడికి వాద్యం రాదన్నది ఆయన పద్ధతి. ఆయన రికార్డింగుల్లో అదే పాటను గొంతుతోనూ, పిల్లనగ్రోవితోనూ వినవచ్చు. రెండూ పక్కపక్కన విన్నప్పుడు తేడా ఒక్కసారిగా తెలుస్తుంది. అప్పటిదాకా దీర్ఘంగా సాగిన స్వరం అనుకున్నది ఒక అచ్చు అని, ఊరికే విరుపు అనుకున్నది వాక్యం చివరి మాట అని, మధ్యలో ఊపిరి తీసుకున్న చోట ఆమె మాట ఆపి అటూ ఇటూ చూసిందని. 2022లో చనిపోయేదాకా ఆయన బడుల్లో, సభల్లో తిరుగుతూ అదే వినిపించాడు.

పాటకు మాట కావాలంటే భాష బతకాలి. లకోటా భాషను పుట్టుకతో మాట్లాడేవారిలో ఎక్కువమంది ఇప్పుడు ముసలివాళ్లు. స్టాండింగ్ రాక్‌లోని సిటింగ్ బుల్ కాలేజీలో 2012లో చిన్నపిల్లల కోసం ఒక బడి తెరిచారు. అక్కడ ఆటా పాటా అన్నం అన్నీ లకోటాలోనే. దాని పేరులోని 'వహోహ్పి' అన్న మాటకు అర్థం పక్షి గూడు.